55 లక్షలు, ఇద్దరు అమ్మాయిలు, ఒక మోకాలు

ఈ ఎపిసోడ్ మా ఇంటి గొడవతో మొదలవుతుంది, కొంచెం ఓపిక పట్టండి.

మా చిన్నాన్న కూతురుంది, ప్రొద్దుటూరులో. 15 ఏళ్లు, ఈ ఏడాది పదో తరగతి. ఎడమచేత్తో స్పిన్ వేస్తుంది. ఇంటర్ ఎంపీసీలో చేరను, క్రికెట్ ఆడతా అని ఇంట్లో కూర్చుంది. చిన్నాన్న నాకు ఫోన్ చేసి, "నువ్వు చెప్తే వింటాది రా. బీటెక్ చేసినోడివి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినోడివి" అన్నాడు. ఆ ఉద్యోగం వదిలేసి కెమెరా ముందు కూర్చున్న మనిషిని పట్టుకుని బుద్ధి చెప్పమంటున్నాడు! పక్కనుంచి మా జేజి, "వాడే చెడిపోయినాడు, వాడితో చెప్పిస్తావా" అంది. ఫోన్‌లో నీట్‌గా వినపడింది.

ఆ పిల్ల ఎందుకు పట్టుబట్టిందో కడప జిల్లాలో ఎవరినడిగినా చెప్తారు. 2025 నవంబర్ 2. నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియం, మహిళల వరల్డ్ కప్ ఫైనల్. మనం 298 కొట్టాం. సౌతాఫ్రికా 246కి ఆలౌట్, 52 పరుగులతో గెలిచాం. ఆ టీంలో మన ఎర్రమల్లె అమ్మాయి ఉంది. నల్లపురెడ్డి శ్రీచరణి. ఫైనల్లో ఆనెకె బాష్‌ని సున్నాకే ఎల్బీడబ్ల్యూ చేసింది. టోర్నీ మొత్తంలో 9 మ్యాచ్‌లు, 14 వికెట్లు. ఇండియా తరఫున ఆమెకన్నా ఎక్కువ తీసింది దీప్తి శర్మ ఒక్కతే.

ఎర్రమల్లె అంటే వీరపునాయునిపల్లె మండలం. ఆ పేరు చెప్తే మన జిల్లావాళ్లకే "ఆ ఊరు యాడొస్తుంది?" అని డౌటు. వాళ్ల నాయన ఆర్‌టీపీపీలో, అదే ముద్దనూరు దగ్గరుండే థర్మల్ ప్లాంటులో ఉద్యోగి. అమ్మాయి చిన్నప్పుడు ఖోఖో ఆడింది, బ్యాడ్మింటన్ ఆడింది, పరిగెత్తింది. క్రికెట్‌ని సీరియస్‌గా పట్టుకుంది 16 ఏళ్ల వయసులో. ఇది వినగానే మా చెల్లెలు, "చూసినావా అన్నా, నాకింకా 15 ఏళ్లే, ఒక సంవత్సరం చేతిలో ఉంది" అంది. లెక్కల్లో మాత్రం ఎంపీసీకి పనికొచ్చే పిల్లే.

ఆ తర్వాత కథ మీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తా. 2024 డిసెంబర్‌లో డబ్ల్యూపీఎల్ వేలం. బేస్ ప్రైస్ 10 లక్షలు. ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకు కొన్నది. 2025 ఏప్రిల్‌లో కొలంబోలో శ్రీలంక మీద తొలి వన్డే. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లాండ్ మీద తొలి టీ20, 12 పరుగులకు 4 వికెట్లు. ఆ సిరీస్ 3-2తో మనం గెలిచాం, 10 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ద సిరీస్ ఆమే. వరల్డ్ కప్ అయ్యాక రాష్ట్ర ప్రభుత్వం 2.5 కోట్లు, కడపలో 1000 గజాల ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించింది. అదే నెల వేలంలో ఢిల్లీ మళ్లీ కొన్నది, ఈసారి 1.3 కోట్లకు.

నాకు వీటన్నిటికన్నా నచ్చిన స్పెల్ వేరే ఉంది. సెమీఫైనల్. ఆస్ట్రేలియా 338 కొట్టింది. అందరినీ ఉతికేశారు. ఆ ఉతుకుడులో చరణి 10 ఓవర్లు వేసి ఇచ్చింది 49, తీసింది 2 వికెట్లు. జెమీమా సెంచరీ గురించి అందరం మాట్లాడుకున్నాం, మాట్లాడుకోవాలి కూడా. కానీ ఆ 10 ఓవర్లలో ఇంకో 25 పరుగులు పోయుంటే మనం ఛేజ్ చేయాల్సింది 360 పైమాట. ఒకసారి హైలైట్స్‌లో కాకుండా ఫుల్ ఓవర్లు చూడండి.

సరే, ఇప్పుడు అసలు మాటకొస్తా. ఈ కథలో అందరూ దాటేసే లైన్ ఒకటుంది. వాళ్ల నాయన మొదట ఒప్పుకోలేదు. ఒప్పించడానికి దాదాపు ఏడాది పట్టింది అని చరణే చెప్పింది. సినిమా అయితే ఆ నాయనది విలన్ పాత్ర, ఇంటర్వెల్ తర్వాత కన్నీళ్లు పెట్టుకుని మారతాడు. నేను మాత్రం ఆ నాయన పక్షమే. ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. ఎవరో డబ్బులిచ్చేదాకా మధ్యలో ఆ ఏళ్ల ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. ఇంగ్లాండులో ఒక ఆటే దీని మీద రెండుగా చీలిపోయింది. రగ్బీ తెలుసు కదా, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, మీద పడి లాక్కునే ఆట. 1890ల్లో ఉత్తర ఇంగ్లాండులో దాన్ని ఆడేది మిల్లు కార్మికులు, బొగ్గుగని కార్మికులు. శనివారం మ్యాచ్‌కి పోతే ఆ పూట కూలి పోతుంది. పోయిన కూలి మాకు కట్టివ్వండి అని క్లబ్బులు అడిగాయి. ఆటని నడిపే పెద్దమనుషులు కుదరదన్నారు. డబ్బు తీసుకుంటే ఆట పవిత్రత పోతుందట! కూలి అవసరం లేనోడికి పవిత్రత ఈజీనే కదా. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్ అనే ఊర్లో ఒక హోటల్లో 20కి పైగా క్లబ్బులు కూర్చుని విడిపోయాయి. ఇప్పుడు రగ్బీ లీగ్ అని పిలిచే ఆట అట్లా పుట్టింది. తర్వాత రూల్స్ కూడా మారాయి, అవతల టీంకి 15 మంది, వీళ్లకి 13 మంది. ఈరోజు అక్కడ విగన్, సెయింట్ హెలెన్స్, లీడ్స్ లాంటి క్లబ్బులకు సొంత అకాడమీలున్నాయి. స్కూల్ వయసులోనే పిల్లోడిని తీసుకుని తయారు చేస్తాయి. ఒక కుర్రాడు ప్రొఫెషనల్ అయ్యాడంటే వెనక 130 ఏళ్ల కూలి పంచాయితీ ఉంది.

మన దగ్గర? జిల్లా సెలెక్షన్, తర్వాత సౌత్ జోన్, తర్వాత రాష్ట్రం. అండర్-15, అండర్-19, అండర్-23, సీనియర్. ఈ మెట్ల మధ్యలో బూట్లు, కిట్టు, బస్ చార్జీ, గుడ్లు, పాలు, అన్నీ నాయనే.

సీనియర్ టీంలోకి వచ్చాక ఎంతొస్తుంది? ఇది నేను ఎక్సెల్‌లో వేసి చూశా, పాత అలవాటు పోదు కదా. మొన్నటిదాకా దేశవాళీ సీనియర్ మహిళలకు తుది జట్టులో ఉంటే రోజుకు 20,000, టీ20కి అందులో సగం. ఏడాదిలో 7 వన్డేలు, 7 టీ20లు దొరికాయనుకోండి. 2 లక్షల 10 వేలు. మన ఫ్రెషర్ ప్యాకేజీ 3.6 అని మీమ్స్ వేసుకుంటాం, దానికన్నా తక్కువ. 2025 డిసెంబర్‌లో బీసీసీఐ దాన్ని రోజుకు 50,000 చేసింది, టీ20కి 25,000. అదే 14 మ్యాచ్‌లకు ఇప్పుడు 5 లక్షల 25 వేలు. ఇది నిజంగా పెద్ద మార్పు. ఇండియాకి ఆడితే వేరే లోకం, 2022 నుంచి మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు, వన్డేకి 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. కానీ ఆ లోకంలో సీట్లెన్ని? డబ్ల్యూపీఎల్‌లో 5 టీంలు, టీంకి ఎక్కువలో ఎక్కువ 18 మంది, అందులో విదేశీయులు 6. అంటే దేశం మొత్తానికి 60 సీట్లు. ఐఐటీ ఎంతో సులువు, నిజంగా.

ఆ 60లోకి వచ్చాక అయినా సేఫా అంటే, ఇప్పుడు కర్నూలు వైపు పోదాం. ఆదోని. పత్తి మార్కెట్ ఊరు, వేలం అంటే వాళ్లకు కొత్త కాదు. అక్కడి అమ్మాయి అంజలి శర్వాణి. ఎడమచేతి పేసర్. 2022 డిసెంబర్ 9న ఆస్ట్రేలియా మీద తొలి టీ20 ఆడింది. యాడ? అదే డీవై పాటిల్ స్టేడియంలో. 2023 ఫిబ్రవరిలో మొట్టమొదటి డబ్ల్యూపీఎల్ వేలం. యూపీ వారియర్స్ ఎంతకు కొన్నదో చెప్పండి చూద్దాం. 55 లక్షలు. తర్వాత చరణికి పలికిందీ అదే కదా!

అదే నెల టీ20 వరల్డ్ కప్ టీంలో ఉంది. తర్వాత ఆసియా క్రీడల టీంలో పేరు వచ్చింది. అప్పుడు మోకాలు దెబ్బతింది. ఆమె బదులు పూజా వస్త్రాకర్ హాంగ్‌ఝౌ వెళ్లింది. ఆ టీం గోల్డ్ మెడల్ తెచ్చింది. ఆదోనిలో టీవీ ముందు కూర్చుని ఆ మెడల్ సెర్మనీ చూడటం ఎట్లుంటుందో నేను ఊహించడానికి కూడా సాహసం చేయను. యూపీ వాళ్లు మాత్రం ఆమెని 2024కి, 2025కి ఉంచుకున్నారు. మంచి పని చేశారు.

ఇద్దరూ మన ఎండల్లో పెరిగినోళ్లే, ఇద్దరిదీ ఎడమ చెయ్యే, ఇద్దరికీ పలికింది అదే రేటు. ఎవరు ఎక్కువ కష్టపడ్డారని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మోకాలికి మెరిట్ లిస్ట్ తెలీదు. సాఫ్ట్‌వేర్‌లో నా ల్యాప్‌టాప్ పాడైతే ఐటీ టీంకి టికెట్ రేజ్ చేసేవాణ్ణి, సాయంత్రానికి ఇంకోటి ఇచ్చేవాళ్లు.

ఆదివారం ప్రొద్దుటూరు పోయినా. చిన్నాన్నకి ఈ లెక్కలన్నీ ఫోన్‌లో చూపించినా. ఆయన అంతా విని, "బాగుంది. మోకాలు పోతే?" అన్నాడు. నేనేం మాట్లాడలా. మా చెల్లెలే మాట్లాడింది. "ఎంపీసీ చదివితే మోకాలు పోదా నాయనా?" అంది. చిన్నమ్మ వంటింట్లోంచి నవ్వింది. చిన్నాన్నకి కోపమొచ్చింది.

నాకు అక్కడ నా ఇంటర్ గుర్తొచ్చింది. పేరొద్దులే, ఒక కాలేజీ. అపార్ట్‌మెంట్ బిల్డింగ్, గ్రౌండ్ లేదు. ఆటల గది అని బోర్డుండేది, దానికి రెండేళ్లూ తాళం. అందులో ఏముందో నాకు ఇప్పటికీ తెలీదు. కుర్చీలు అనుకుంటా.

నేను చిన్నాన్నకి చెప్పింది ఒక్కటే. ఎంపీసీ అయినా సీఈసీ అయినా గ్రౌండ్ ఉన్న కాలేజీలో చేర్పించు, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వదులు, చదువు ఆపొద్దు. చరణికి ప్రకటించిన గ్రూప్-1 ఉద్యోగం కూడా డిగ్రీ అయ్యాకే. 19 లోపల రాష్ట్రం టీం దాకా రాకపోతే అప్పుడు మళ్లీ కూర్చుందాం. దీంట్లో రిస్క్ లేదని నేను చెప్పలా. మా చెల్లెలికి 19 అనే నంబర్ నచ్చలేదు, 21 చేయమంది. బేరం నడుస్తోంది.

ఇంకోటి, ఇది మీ ఇళ్లల్లో కూడా పనికొస్తుంది. పుట్టిన తేదీ చూసుకోండి. మన వైపు స్కూల్లో వేసేటప్పుడు సార్ రాసిన తేదీనే పుట్టినరోజు, సగం ఊరు జూన్‌లోనే పుట్టి ఉంటుంది. ఏజ్ గ్రూప్ క్రికెట్‌లో అది నడవదు. అసలు బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. అండర్-15 అమ్మాయిలకు చేతి ఎముక ఎక్స్‌రే తీసి వయసు కూడా చూస్తారు. ఆధార్‌లో ఒకటి, స్కూల్లో ఒకటి ఉంటే అక్కడే ఆగిపోతారు.

మా పిల్లది స్కూల్లో జూన్ 10. పుట్టింది ఆగస్టులో, రాఖీ పౌర్ణమి తర్వాత రెండో రోజు, అది మా జేజికి గట్టిగా గుర్తు. చిన్నాన్న ఇంకా సరే అనలేదు. కానీ మొన్న రాత్రి ఫోన్ చేసి, "ఒరే, ఆ బర్త్ సర్టిఫికెట్‌కి మున్సిపల్ ఆఫీసులో ఏమేం పేపర్లు అడుగుతారు?" అన్నాడు. నేను లిస్టు వాట్సాప్ చేసినా. బ్లూ టిక్ పడింది. రిప్లై లేదు.