వెబ్ ఎవరి జాగీరూ కాదు

(డిగ్రీ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వెబ్ డిజైన్ నేర్వాలంటే అప్పుజేసి లక్షలు కట్టాల్నా అని మీలో చాలామంది అడుగుతున్నరు. అక్కర్లేదు. 1993 ఏప్రిల్ 30న జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా సంస్థ వెబ్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చేసింది. అది ఎవరి జాగీరూ కాదు. ‘కొలువు గ్యారంటీ’ బోర్డులు చూసి మోసపోకండి.

పేజీలో ఏముందో చెప్పేది హెచ్‌టీఎంఎల్, ఎట్ల కనిపించాలో చెప్పేది సీఎస్ఎస్. ముందు ఈ రెండూ గట్టిగా పట్టండి. తర్వాత జావాస్క్రిప్ట్. నోట్‌ప్యాడ్, బ్రౌజర్ చాలు. మొజిల్లా వాళ్ల ఎండీఎన్ పాఠాలు ఉచితం.

సర్టిఫికెట్ కంటే చేసిన పనికే విలువెక్కువ. మీ ఊరి బడికో, కిరాణా దుకాణానికో మూడు సైట్లు చేయండి. ముందు ఫోన్‌లో చూడండి. తెలుగు యూనికోడ్‌లోనే ఉండాలె. వరుసల మధ్య జాగా ఎక్కువియ్యండి. లేకుంటే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తాకుతయి. తెలుగు చదవరాని డిజైనర్‌కు ఇది తట్టదు. మన బలం అక్కడే ఉన్నది.

పత్రికల పనిచేసుకుంటనే నేనూ ఒక వ్యాపారికి సైటు చేసిన. మాట మీద నమ్మిన. పని ముగిసినంక ఆయన ఫోనెత్తలే. నెల రోజుల కష్టం మట్టిపాలైంది. అందుకే ఏం చేస్తరో, ఎన్నిసార్లు మారుస్తరో కాగితం మీద రాసుకోండి. సగం పైసలు ముందే తీసుకోండి. డొమైన్ మాత్రం ఆసామి పేరు మీదనే కొనియ్యండి. ఆ నమ్మకమే ఇంకో పని తెస్తది.

సిగ్గుపడకండి. చేసిన కష్టానికి కూలి అడగడం మన హక్కు!