రికార్డుల పెట్టె



విందులలోను నృత్యశాలలలోను పాటలు కూర్చి వినిపించు డీజే వృత్తి నాది. ఈ వృత్తికి వినైలు రికార్డు మేలా, డిజిటల్ సంగీతము మేలా యని పలువురు నన్నడుగుచుందురు. నా భుజముల నడిగిన రెండవదే మేలనును. అట్టలతో గూడ నూరు రికార్డులు సుమారు 20 కిలోలు తూగును. డిజిటల్ పాటలు వేలకొలది జేబులో నిముడును.

చేతి నడిగిన వేఱుమాట చెప్పును. 1973 ప్రాంతమున న్యూయార్కు నగరములోని బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ ఒకే రికార్డునకు రెండు ప్రతులు బెట్టి, తాళవాద్యము మాత్రమే మ్రోగు ఘట్టమును మార్చి మార్చి సాగదీసెను. ఆ నేర్పంతయు వ్రేళ్ళదే.

2004లో వెలువడిన సెరాటో స్క్రాచ్ లైవ్ ఈ రెంటికిని సంధి గూర్చినది. దాని రికార్డుపై పాట లేదు. సంకేతధ్వని మాత్రమే గలదు. చేయి త్రిప్పిన వేగమును, దిక్కును కంప్యూటరు గ్రహించి, తనలోని పాటను అట్లే నడపును. నేనును దానినే చేపట్టితిని.

ఒక పెండ్లివిందులో నా కంప్యూటరు నడుమ నాగిపోయెను. నర్తించువారెల్ల నిలిచి నా వంక జూచిరి. పెట్టె యడుగున మిగిలిన పాత రికార్డొకటి, ఆ యంత్రము మీదనే తిరిగి, నా పరువును ఆనాటి కూలిని కాపాడినది. నాటినుండి నిజమైన పాటలుగల రికార్డులు రెండు వెంట గొనిపోవుచున్నాను. వాని బరువు నాకు బరువుగా తోచదు.