చెరువు ఒడ్డు ఎవరిది?

మాధవరం, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో వానలు అంతంతమాత్రమే. తుంగభద్ర పక్కనే పారుతున్నా, చాలా పల్లెల్లో బోర్లకు ఊట చెరువు వల్లే. ఒడ్డున చెట్లుంటే మట్టి కోతపడదు, పూడిక తగ్గుతుంది. అందుకే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, మనమంతా వాల్టా అనేది, అనుమతి లేకుండా చెట్టు నరకొద్దంటుంది. 2017 భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదిలి ఇల్లు కట్టాలి.

‘నా పట్టా భూమిలో నీ పెత్తనమేంటి?’ అంటారు కొందరు. కోపం సహజమే. కానీ నిండిన చెరువుకు పట్టా కాగితం కనపడదు. మునిగేది అక్కడ కట్టిన ఇల్లే. ‘పేదలకు స్థలాలెక్కడ?’ అన్నది ఇంకా బరువైన ప్రశ్న. జవాబు మెరక మీద వెతకాలి, చెరువులో కాదు. ఎండిన కుంటనైనా ఇళ్ల స్థలాలకు ఇవ్వకూడదనే సుప్రీంకోర్టు 2001లో ఉత్తరప్రదేశ్ కేసులో పట్టాలు రద్దుచేసింది. ఇక గట్టును పాడుచేసే సర్కారు తుమ్మ మాటంటారా, తీయాల్సిందే. అధికారులకు చెప్పి తీయండి. చెరువు దగ్గర ప్లాటు కొనేముందు నీటిమట్టం హద్దు ఎక్కడో మీ ఊరి సచివాలయంలో రాతపూర్వకంగా అడగండి.