ముంగిట నిలిచిన శిష్యుడు



బాన్సువాడ ప్రాంతమందలి మహమ్మద్ నగరులో ఒక సాయంకాలము నా పూర్వశిష్యుడు మా ముంగిట నిలిచి, లోనికి రాక, "పంతులుగారూ, నాకు హెచ్.ఐ.వి. యున్నదట, నన్ను తాకవలదు" అనెను.

స్పర్శవలన నది సోకదు. అతని చేయి పట్టి అరుగుపై కూర్చుండబెట్టితిని. 1097 అను ఉచిత టెలిఫోను సంఖ్యకు ఇరువురమును మాటలాడితిమి. పోవలసిన తావు తెలిసినది. 2004లో ఆరంభమైన ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రములలో మందులకు వెల లేదు. నిత్యము తప్పక సేవించువాడు దీర్ఘకాలము జీవింపగలడు. అతని సమ్మతి లేక వ్యాధిని వెల్లడించుటను, వివక్షతో ఉద్యోగమునుండి తొలగించుటను 2017 నాటి చట్టము నిషేధించినది.

ఇన్ని యుండియు అతడడిగినది ఒక్కటే: "రేపు నాతో వచ్చెదరా?"

వెళ్లితిని. మీ ముంగిట నిలిచినవానిని మీరును లోనికి పిలువుడు.