దించే ముందు నేర్పండి



ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో చాలామంది కొద్ది రోజుల్లో కొండాపూర్‌లోనో, మధురవాడలోనో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయానికి మేనేజర్లుగా వెళ్తారు. లిఫ్టులు, జనరేటర్లు, మెయింటెనెన్స్ లెక్కల గురించి మీ అధ్యాపకులు చెప్పారు. నేను మీ కింద పనిచేయబోయే మనుషుల గురించి మాట్లాడతాను.

గేటు దగ్గర నిలబడే గార్డుకు చట్టం శిక్షణ రాసిపెట్టింది. 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం అతనికి 160 గంటల శిక్షణ ఉండాలి: తరగతిలో 100 గంటలు, బయట 60 గంటలు. గేటు దాటి లోపలికి వస్తే హౌస్‌కీపింగ్ చేసే ఆమె సంగతేమిటి? పొద్దున ఏడింటికి చేరుతుంది, ఎనిమిదింటికల్లా చేతికి మాపు, బకెట్టు ఇచ్చేస్తారు. మరకలు వదలకపోతే యాసిడ్ పోస్తుంది, అదీ చాలకపోతే బ్లీచింగ్ చల్లుతుంది. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందనీ, తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుందనీ ఆమెకు చెప్పేవారుండరు. చెప్పడానికి పది నిమిషాలు చాలు. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లకు తెలుగులో, ఒడిశా నుంచి వచ్చినవాళ్లకు ఒడియాలో చెప్పించండి. సీసాలు చేతికిచ్చి చూపించండి.

ఇంకా ప్రమాదకరమైనది మురుగునీటి శుద్ధి ప్లాంటు. మనమంతా ఎస్‌టీపీ అంటాం. ట్యాంకులో పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. మోతాదు పెరిగాక ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. కంపు పోయింది కదా అని దిగినవాడు అక్కడే కుప్పకూలతాడు. అతన్ని లాగుదామని రెండోవాడు దిగుతాడు, వాళ్లిద్దరి కోసం మూడోవాడు. ఇలాంటి ప్రమాదాలు ఒక్కరితో ఆగకపోవడానికి కారణం ఇదే. పైనుంచి గాలిని కొలవాలనీ, ఎవరైనా పడిపోతే వెంట దూకకుండా ఫైర్ సర్వీసును పిలవాలనీ అందరికీ ముందే తెలిసి ఉండాలి.

రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషుల్ని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. కోలార్ బంగారు గనుల ఊళ్లో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరుల సఫాయి కర్మచారి ఆందోళన్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో, చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షల రూపాయలు ఇవ్వాలంది. 2023లో మరో కేసులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. ఆ డబ్బు చేతికందేటప్పటికి మనిషి ఉండడు.

శిక్షణ ఒక్కటే సరిపోదు. "నేను దిగను సార్" అన్నవాడి ఉద్యోగం మర్నాడు కూడా ఉండాలి. ఆ భరోసా ఇవ్వలేని మేనేజరు ఎన్ని తరగతులు పెట్టించినా వృథా అని నా గట్టి నమ్మకం. అలాగే ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా. నెలకు 21,000 రూపాయల వరకు జీతం ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది, చేరిన రోజు నుంచే వైద్యం అందుతుంది. జీతంలో కోత పడుతున్నా తనకు కార్డు ఉందని తెలియనివాళ్లు ఎందరో. డిస్పెన్సరీ ఎక్కడుందో వెంటబెట్టుకెళ్లి చూపించండి.

ఇదంతా డబ్బుతో పని. అసోసియేషన్ అందరికంటే తక్కువ కోట్ చేసిన కంపెనీకే కాంట్రాక్టు ఇస్తుంది. ఆ కంపెనీ ముందుగా కోసేది శిక్షణను, గ్లోవ్స్‌ను, బూట్లను, సెలవు పెట్టినవాడి బదులు వచ్చే రిలీవర్‌ను. రిలీవర్ లేకపోతే గార్డు వరసగా రెండు షిఫ్టులు నిలబడతాడు. సమావేశంలో ఫ్లాటుకు నెలకు ఎంత పెరుగుతుందని అడుగుతారు. మొహమాటపడకుండా లెక్క వేసి వాళ్ల ముందు పెట్టండి. ఆ ఇళ్లలో ఉండేవాళ్లు చెడ్డవాళ్లు కారు. ట్యాంకులో ఏముందో వాళ్లకీ ఎవరూ చెప్పలేదు.

మీరు ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఎస్‌టీపీ దగ్గరికి వెళ్లండి. ట్యాంకు మూతకు తాళం వేయించి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. నేర్చుకోని మనిషి కోసం దాన్ని తెరవకండి, ఎవరు ఒత్తిడి చేసినా సరే.