పాప పడుకున్నా నాకు నిద్ర పట్టలేదు

ఈరోజు నా సంగతే చెప్తా.

డెలివరీ అయిన మూడో రోజు నుంచి ఊరికే ఏడుపొచ్చేది. "పచ్చి బాలింతవి, ఏడవకూడదే" అనేది అమ్మ. ఆ ఏడుపు చాలామందికి వస్తుంది, బేబీ బ్లూస్ అంటారు. రెండు వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. నాకు తగ్గలేదు. నెల దాటాక కూడా అంతే. అమ్మ పాపను పక్కగదిలో పడుకోబెట్టినా నాకు కన్ను మూతపడేది కాదు, ఫ్యాన్ వంక చూస్తూ ఉండేదాన్ని. ఒక రాత్రి "నేను లేకపోతేనే దీనికి మంచిది" అనిపించింది. అప్పుడు భయమేసి మా ఆయనకు చెప్పా.

పిల్ల లేపితే నిద్ర పోవడం వేరు, పిల్ల పడుకున్నా నిద్ర పట్టకపోవడం వేరు. డాక్టరమ్మ మొదట అడిగింది అదే. తర్వాత ఎడిన్‌బరో స్కేల్ అని 10 ప్రశ్నల కాగితం ఇచ్చారు. చివరిది, మీకు మీరు హాని చేసుకోవాలనిపించిందా అని. దానికి నిజం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

పాలిచ్చేటప్పుడు వాడదగ్గ మందులు ఉన్నాయి, అవే ఇచ్చారు. రాత్రి ఒకసారి పిండిపెట్టిన పాలు మా ఆయన పట్టేవారు, నాకు 4 గంటలు వరసగా నిద్ర. (అత్తయ్యను ఒప్పించడం ఇంకో ఎపిసోడ్ లెండి!)

మీకో, మీ అక్కకో ఇలా ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిదే. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, 24 గంటలూ ఉంటుంది.