ఇంటి చెమ్మ, సంఘం అప్పు – మేము నేర్చుకున్నది

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో పూండి సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ప్రతి ఏటా ఈ మైకు ముందు పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చదివి కూర్చుంటాము. ఈసారి ఆ లెక్కలు రిపోర్టులో వేరేగా ఉన్నాయి, చూసుకోండి. మేము మాట్లాడేది ఇంటి గోడకి పట్టిన చెమ్మ గురించి. ఇదేం సంఘం మాట అని నవ్వుకోకండి. మా సంఘంలో ఒక అప్పు మూడు నెలలు ఆగిపోవడానికి కారణం ఈ చెమ్మే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి, పనస తోటలు ఎలా పడిపోయాయో మీ అందరికీ తెలుసు. పెంకులు ఎగిరిపోయాయి, మట్టిగోడలు కూలాయి. ఆ తరవాత అందరం తొందర తొందరగా ఇళ్ళు కట్టుకున్నాం. మా సంఘంలో ఒక అప్ప కూడా 50 వేలు అప్పు తీసుకుని పాత పునాది మీదే కొత్త గోడలు లేపింది. రెండు వానాకాలాలు గడిచేసరికి గోడ అడుగున మోకాలెత్తు దాకా సున్నం పొట్టు లేచింది, తెల్లగా సౌడు పూసింది. మేస్త్రిని అడిగితే ఆయిల్ పెయింటు వెయ్యమన్నాడు. అది బుడగలు కట్టి ఊడిపోయింది. అప్పుడు గోడకి టైల్సు అతికించమన్నాడు. దానికి మళ్ళీ 20 వేలు. ఆ అప్పు మేమే ఇచ్చాం. "అతికించీ, ఇల్లు అందంగా కూడా ఉంటాది" అని చెప్పింది కూడా మేమే.

ఏడాది తిరక్కుండా చెమ్మ టైల్సు పైకెక్కి నడుమెత్తు దాకా వచ్చింది. ఆ గోడ వారనే ఆమె ఎండాకాలంలో కొన్న జీడిపిక్కల బస్తాలు పెట్టింది. మంచి ధర వచ్చాక అమ్ముదామని ఆశ. శ్రావణంలో బస్తా విప్పితే గోడకి ఆనిన పక్కంతా బూజు. 80 కిలోల బస్తాలు నాలుగు. కొనేవాళ్ళు పిక్క కోసి చూసి, పప్పు రంగు మారిపోయిందని సగం ధర కూడా ఇవ్వలేదు. ఆమె వాయిదా ఆగింది.

మేమేం చేశామో దాచకుండా చెబుతున్నాం. మీటింగులో నిలబెట్టి అడిగాం. "వాయిదా కట్టకుండా టైల్సు ఎందుకు?" అని ఒకరు అన్నారు. తీర్మానం పుస్తకంలో 'నిర్లక్ష్యం' అని రాశాం. ఆమె ఒకటే అన్నది, "నానేటి సేయగలను అప్పా, నా పిక్కలన్నీ ఆ గోడే తినేసినాది. ఓపాలి వచ్చి సూడండి." అప్పుడు ఐదుగురం వెళ్ళాం. ఆ గదిలో అడుగు పెడితే తడిగుడ్డ వాసన. చిన్న గుంట రాత్రంతా దగ్గుతున్నాడని అప్పుడే తెలిసింది.

మొదట చెమ్మ ఎక్కడి నుంచి వస్తున్నదో తెలుసుకోవాలి. దానికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. మూరెడు చదరం పాలిథిన్ కవరు ముక్కని నేల మీద పరిచి నాలుగు అంచులూ టేపుతో గట్టిగా అతికించి ఒక రోజు వదిలేయండి. మర్నాడు కవరు అడుగున నీటి చుక్కలుంటే చెమ్మ నేలలోంచి వస్తున్నట్టు. కవరు పైన తడి ఉంటే గాలిలోంచి వస్తున్నట్టు. ఆ అప్ప ఇంట్లో అడుగునే తడి వచ్చింది.

దీపంలో వత్తి నూనెని పైకి లాగినట్టే ఇటుక, సిమెంటు నేలలోని నీటిని పైకి లాగుతాయి. ఆ నీటితో పాటు ఉప్పు కూడా ఎక్కుతుంది. గోడ పైభాగాన నీరు గాలికి ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అదే సౌడు. టైల్సు అతికించేసరికి గోడకి ఆరే దారి మూసుకుపోయింది. నీరు ఇంకా పైకెక్కి దారి వెతుక్కుంది.

ఈ సంగతి మాకు తెలియక కాదు, గోడకి వర్తిస్తుందని తట్టలేదు. మాలో చాలామంది పలాస జీడి ఫ్యాక్టరీలలో పప్పు ఒలిచేవాళ్ళం. పప్పుని బోర్మాలో ఆరబెట్టి, తేమ 5 శాతం లోపుకి తెచ్చాకే గాలి చొరకుండా ప్యాక్ చేస్తారు. తడిపప్పుని మూస్తే లోపలే బూజు పడుతుంది. మేము తడిగోడని మూశాం.

బయటి దేశాల్లో ఇళ్ళకి గోడలోనే ప్లాస్టిక్ షీటు వేస్తారట కదా, మనమూ వేసుకోవచ్చా అని కొందరు అడిగారు. అన్నం గిన్నె మీద మూత చూడండి, చుక్కలు లోపలి పక్క పడతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ళ సీసా చూడండి, చుక్కలు బయటి పక్క పడతాయి. వేడి తేమగాలి చల్లటి దాన్ని తగిలిన చోటే నీరవుతుంది. కెనడా వంటి చలిదేశాల్లో ఇంటి లోపల వెచ్చన, బయట మంచు. అందుకని అక్కడ షీటుని గోడకి లోపలి వైపు వేస్తారు. మన తీరంలో ఉక్క బయట ఉంటుంది. ఏసీ గదికి షీటు వెయ్యాల్సి వస్తే బయటి వైపే ఉండాలి. లోపలి వైపు ప్లాస్టిక్ కాగితం అతికిస్తే దాని వెనకే నీరు పట్టి బూజు వస్తుంది. ఏసీ లేని మన ఇటుక గోడకి షీటు అక్కర్లేదు, ఆరనిస్తే చాలు. అనంతపురం పొడి నేలలో నడిచింది ఉద్దానంలో నడవదు. పక్కూరి ఇల్లు చూసి చెయ్యొచ్చు గాని, పరదేశం ఇల్లు చూసి చెయ్యకూడదు.

రేకుల ఇళ్ళవారికి ఇంకో బాధ ఉంది. పుష్యమాసంలో తెల్లారగట్ల రేకు అడుగునుంచి చుక్కలు పడతాయి. రేకు కారుతోందని తారు పూస్తారు. అది వాన నీరు కాదు. రాత్రి రేకు చల్లబడి, మన ఊపిరి, పొయ్యి మీది ఆవిరి దానికి తగిలి నీరవుతున్నది. చూరు కింద గాలి ఆడేటట్టు జాగా వదలండి, వంటింటి ఆవిరి బయటికి పోయే దారి పెట్టండి.

ఆ అప్ప ఇంట్లో మేమందరం కలిసి చేసిన పని ఇది. టైల్సు, సిమెంటు పూత గీకించాం. గోడ ఆరడానికి ఎండాకాలమంతా వదిలి, తరవాత సున్నంతో పూయించాం. బయట మట్టి పోసి పోసి వీధి, ఇంటి నేల కంటే ఎత్తయిపోయింది. గోడ చుట్టూ ఆ మట్టి తవ్వించాం. చూరు నీరు గోడ మొదట పడకుండా కాలువ తీశాం. బస్తాలు ఇప్పుడు చెక్కల మీద, గోడకి జానెడు ఎడంగా ఉంటున్నాయి. చెమ్మ పూర్తిగా పోలేదు. నడుము నుంచి మోకాలి కిందకి దిగింది. పునాదిలో వెయ్యాల్సిన అడ్డు తరవాత వెయ్యడం కష్టం, అందుకే ఈ మాట ఇల్లు కట్టకముందే వినమంటున్నాం.

కొత్త ఇల్లు కట్టేవారు నాలుగు సంగతులు చూసుకోండి.

ఒకటి, బేస్‌మెంటు వీధి కంటే కనీసం అడుగున్నర ఎత్తు ఉండాలి.

రెండు, బేస్‌మెంటు మీద గోడ లేపే ముందు ఒకటిన్నర అంగుళం మందాన 1:2:4 కాంక్రీటు, వాటర్‌ప్రూఫ్ పౌడరు కలిపి, ఎక్కడా తెగకుండా చుట్టూ పోయించండి. దాని మీద తారు పూత వేయించండి.

మూడు, గచ్చు కింద కంకర దిమ్మిస కొట్టి, మందపాటి ప్లాస్టిక్ షీటు పరవండి. రెండు షీట్లు కలిసే చోట అడుగు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. అంచుని గోడ కింది ఆ కాంక్రీటు పట్టీకి కలపాలి. పని చేస్తుండగా చిరగకుండా దగ్గరుండి చూసుకోండి.

నాలుగు, సముద్రపు ఇసుక వాడొద్దు. అందులోని ఉప్పు గాలిలో తేమని లాగుతుంది, ఇనుపచువ్వని తుప్పు పట్టిస్తుంది.

సమాఖ్యని మేము కోరేది రెండు. ఇంటి అప్పు దరఖాస్తులో ఈ నాలుగూ రాయించండి. బేస్‌మెంటు పని ఇద్దరు సభ్యులు కళ్ళారా చూసి సంతకం పెట్టాకే రెండో విడత డబ్బు ఇవ్వండి. ఇళ్ళు కట్టుకోవడానికి అప్పు ఇస్తున్నాం గాని, ఆ ఇల్లు నిలబడుతుందో లేదో మనం చూడటం లేదు.

చివరగా ఒక మాట. మా తీర్మానం పుస్తకంలో 'నిర్లక్ష్యం' అన్న మాట కొట్టేసి, "సభ్యురాలి ఇల్లు చూడకుండా రాసినందుకు సంఘం చింతిస్తున్నది" అని రాసి పది మందీ సంతకాలు పెట్టాం. ఆ అప్ప వాయిదాలు మళ్ళీ కడుతున్నది, ఈ రోజు ఇక్కడికి కూడా వచ్చింది. పాలిథిన్ కవరు పరీక్ష ఎవరికి చూడాలనున్నా, భోజనాల తరవాత ఆమే చూపిస్తుంది. టేపు మేము తెచ్చాం.